ఆర్చ్‌టాప్ గిటారుతో ఆరాధనకు: అపోహలు, వాస్తవాలు

పెట్టె తెరవగానే మా సంఘంలో పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "అన్నా, ఇది వయొలినా, గిటారా?" ప్రశ్నలో తప్పు లేదు. మధ్యలో గుండ్రటి రంధ్రం ఉండదు. రెండు పక్కలా వయొలిన్‌కు ఉన్నట్టే ఎఫ్ ఆకారపు కోతలుంటాయి. పైచెక్క చదునుగా కాకుండా వంపు తిరిగి పైకి ఉబ్బి ఉంటుంది. ఆర్చ్‌టాప్ అన్న పేరు ఆ వంపు వల్లే వచ్చింది. పెద్దలు అడిగేవి వేరు. క్లబ్బుల్లో వాయించేది ఇక్కడెందుకు, ఎన్ని వాట్ల ఆంప్ కొనాలి, ఎందుకిలా ఊళ పెడుతోంది? ఆరాధన బృందంలో కూర్చుని ఈ ప్రశ్నలకు చాలా ఆదివారాలు జవాబులు చెప్పాను. కొన్ని జవాబులు నేనూ తప్పుగా నమ్మి, డబ్బు ఖర్చయ్యాక సరిదిద్దుకున్నవే.

అపోహ: ఇది జాజ్ క్లబ్బుల వాద్యం, ఆరాధనకు తగదు

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, కలమజూ పట్టణంలో ఆర్విల్ గిబ్సన్ 1890ల్లో వయొలిన్ పద్ధతిలో చెక్కను తొలిచి మాండొలిన్లు, గిటార్లు చేయసాగారు. ఆయన పేరు పెట్టుకున్న కంపెనీలో లాయిడ్ లోర్ పనిచేస్తున్న రోజుల్లో, 1922లో, ఎఫ్ రంధ్రాల ఎల్-5 గిటారు వచ్చింది. అప్పటికి గిటారుకు కరెంటు లేదు. బాకాల నడుమ, డ్రమ్ముల నడుమ వినబడాలంటే చెక్కే గొంతెత్తాలి. అందుకే దీని పలుకు అలా కుదిరింది. మీటగానే టక్కున పలుకుతుంది, మధ్య స్థాయిలో గట్టిగా నిలబడుతుంది, త్వరగా ఆరిపోతుంది.

ఆ గుణం క్లబ్బుకు ఎంత పనికొచ్చిందో ప్రార్థనా మందిరానికీ అంతే పనికొస్తుంది. చిన్న దెబ్బ, వెంటనే నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో డోలక్‌కు చోటు దొరుకుతుంది, పాటలో మాటకూ చోటు దొరుకుతుంది. ఇక క్లబ్బు మాటంటారా, సిస్టర్ రొసెట్టా థార్ప్ జీవితం చూడండి. ఆమె 1915లో ఆర్కన్సా రాష్ట్రంలోని కాటన్ ప్లాంట్‌లో పుట్టారు. తల్లి 'చర్చ్ ఆఫ్ గాడ్ ఇన్ క్రైస్ట్' సంఘంలో మాండొలిన్ వాయిస్తూ సువార్త చెప్పేవారు. ఆ తల్లి పక్కనే చిన్న వయసులోనే రొసెట్టా గిటారు పట్టారు. 1938లో డెక్కా కంపెనీకి పాడి, సువార్త పాటను రికార్డుల్లోకీ పెద్ద వేదికల మీదికీ తీసుకెళ్లారు. ఆమె గిటారు చర్చిలో నేర్చుకుని బయటికి వెళ్లారు.

అపోహ: వినపడకపోతే ఎక్కువ వాట్ల ఆంప్ కొనాలి

దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను. సంఘాల డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే.

50 వాట్ల ఆంప్ తీసేసి 100 వాట్లది పెడితే పెరిగేది 3 డెసిబెల్లే. చెవికి తేడా తెలుస్తుంది గాని శబ్దం రెట్టింపైనట్టు అనిపించదు. రెట్టింపు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్లు పెరగాలి, అంటే పదింతల వాట్లు కావాలి. అదే 91 డెసిబెల్ల స్పీకరుకు బదులు 97 డెసిబెల్ల స్పీకరు వాడితే వాట్లు నాలుగింతలు చేసినంత ఫలితం. ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో ఎంత శబ్దం వస్తుందో చెప్పే అంకె ఇది. పెట్టె మీద వాట్లు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. ఈ అంకెను కాగితాల్లో వెతుక్కోవాలి. వెతకండి.

అంతకన్నా ముందు, గిటారు ఎందుకు వినపడటం లేదో చూడాలి. మా బృందంలో కొంతకాలం ఒక పరుగుపందెం నడిచింది. కీబోర్డు పెరిగేది, నేను పెంచేవాణ్ని, రిథమ్ ప్యాడ్స్ అబ్బాయి పెంచేవాడు, క్వయర్ మైకులు పెరిగేవి. చివరికి పాట మాటలే వినపడేవి కావు. ఒక రోజు పాస్టరు గారు చివరి బెంచీలో కూర్చుని విని, "మీరందరూ ఒకే చోట నిలబడి తోసుకుంటున్నారు" అన్నారు. శబ్దశాస్త్రం చదివి అన్న మాట కాదు, కాని విషయం సరిగ్గా అదే. గిటారు ఆరో తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. కీబోర్డు ఎడమచెయ్యి, బేస్, డోలక్ ఎడమ వైపు, మగ గొంతుల అడుగు భాగం అన్నీ అక్కడక్కడే ఉంటాయి. ఆ గుంపులో గిటారును ఎంత పెంచినా బురద పెరుగుతుందే తప్ప గిటారు తేలదు.

నేను చేసింది రెండే పనులు. ఆరో తీగను దాదాపు వదిలేసి నడిమి తీగల మీద మూడు స్వరాల కార్డులు పట్టాను. ఆంప్‌లో బేస్ తగ్గించి, మిడ్ కొద్దిగా పెంచాను. మరుసటి వారం, అంతకుముందుకన్నా తక్కువ వాల్యూములో, గిటారు చివరి బెంచీ దాకా వినిపించింది. కౌంట్ బేసీ జాజ్ బ్యాండులో ఫ్రెడ్డీ గ్రీన్ వాయించిన పద్ధతికి ఇది దగ్గర. 1937లో చేరి, 1987లో చనిపోయేదాకా, దాదాపు యాభై ఏళ్లు ఆయన ఆ పెద్ద బ్యాండులో ఆంప్ లేకుండా ఆర్చ్‌టాప్ వాయించారు. ఒక్కో కార్డులో వినిపించేవి చాలాసార్లు ఒకటి రెండు స్వరాలే. బాకాలన్నీ మోగుతున్నా ఆ లయ తెలిసేది.

కాబట్టి మందిరంలో మైకు సెట్టు ఉంటే, ఆంప్ పని మీకూ మీ పక్కవారికీ వినిపించడమే. హాలుకు వినిపించే పని పెద్ద బాక్సులది. మీ దగ్గర వినిపించడానికి 8 లేదా 10 అంగుళాల స్పీకరుతో 30 నుంచి 60 వాట్ల ఆంప్ సరిపోతుంది. గృహ కూడికలకు బండి మీద తీసుకెళ్లాలి కాబట్టి బరువు కూడా చూసుకోండి. పాతిక కిలోల ఆంప్‌ను మూడో అంతస్తుకు మోసినవాళ్లకు ఈ సలహా అర్థమవుతుంది.

అపోహ: ఊళ వస్తోందంటే ఆంప్ మంచిది కాదు

ఆర్చ్‌టాప్ పైచెక్కను కంపించడానికే తొలిచారు. ఆంప్ నుంచి వచ్చిన శబ్దం ఆ చెక్కను కదిలిస్తుంది, చెక్క తీగలను కదిలిస్తుంది, పికప్ దాన్ని మళ్లీ ఆంప్‌కు పంపుతుంది. అది తిరిగి తిరిగి పెరిగి ఊళ అవుతుంది. మైకు కీచుమన్నట్టు కాకుండా చాలాసార్లు లోతుగా 'హూ' అంటుంది. ఎందుకంటే ఈ గిటార్ల డొల్ల బాగా స్పందించేది తరచూ 100, 200 హెర్ట్జ్ మధ్యలోనే. వాద్యం మంచితనమే ఇక్కడ చిక్కు తెచ్చిపెడుతుంది. ఈ చిక్కును తయారీదారులూ ఎరుగుదురు. గిబ్సన్ 1949లో తెచ్చిన ఈఎస్-175కు తొలిచిన స్ప్రూస్ కాకుండా పొరలు అతికించిన మేపుల్ పైచెక్క వేసింది. అది చవక, పైగా అంత తేలిగ్గా కదలదు. పెద్ద వాల్యూముతో వాయించే బృందాలకు ప్లై చెక్క గిటారు తక్కువదేమీ కాదు. చాలాసార్లు సరైనది అదే.

ఊళ తగ్గాలంటే ముందు నిలబడే చోటు మార్చండి. గిటారు ముఖం స్పీకరును చూడకూడదు. ఆంప్‌ను వెనక కాకుండా ఒక పక్కన, కుర్చీ మీద, చెవి వైపు వంచి పెడితే తక్కువ వాల్యూములోనే వినిపిస్తుంది. తర్వాత, ఏ స్వరం దగ్గర ఊళ పుడుతోందో కనిపెట్టండి. ఐదో తీగ ఖాళీగా మీటితే వచ్చేది 110 హెర్ట్జ్, ఆరో తీగ మూడో మెట్టు 98. ఊళ ఏ స్వరానికి కలిసిందో తెలిస్తే ఈక్వలైజర్‌లో ఆ ఒక్కచోట కోస్తే చాలు, మొత్తం బేస్ చంపక్కర్లేదు. కొన్ని ఆంపులకు దీనికోసమే నాచ్ ఫిల్టర్, ఫేజ్ స్విచ్ ఉంటాయి. ఫేజ్ స్విచ్ నొక్కితే ఒక్కోసారి ఊళ వెంటనే ఆగుతుంది, ఒక్కోసారి ఏమీ మారదు. అది మీరు ఎంత దూరంలో ఉన్నారన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఎఫ్ రంధ్రాల్లో స్పాంజి కుక్కితే ఊళ పూర్తిగా పోతుందని కూడా అంటారు. సగం నిజం. లోపలి గాలి చేసే మోత తగ్గుతుంది, పైచెక్క కంపనం అలాగే ఉంటుంది. రంధ్రాలు మూయడానికి రంగు కరిగించే జిగురు టేపు మాత్రం పాలిష్ మీద అంటించకండి.

అపోహ: చెక్క వాద్యం కాబట్టి అకౌస్టిక్ ఆంపే వాడాలి

చూడాల్సింది పికప్‌ను. అయస్కాంతపు పికప్ చెక్కను వినదు, ఉక్కు తీగ కదలికనే వింటుంది. దానికి మామూలు ఎలక్ట్రిక్ గిటారు ఆంప్ సహజం. ఆ స్పీకర్లు సుమారు 5,000 హెర్ట్జ్ దాటాక బాగా తగ్గిపోతాయి, అందుకే గుండ్రటి, మెత్తటి స్వరం వస్తుంది. బ్రిడ్జి కింద పియెజో పికప్ ఉంటే ఆ ఆంప్ బొంగురుగా వినిపిస్తుంది. దానికి ట్వీటరున్న అకౌస్టిక్ ఆంప్ కావాలి.

తీగలూ ఇక్కడే తేడా చేస్తాయి. అకౌస్టిక్ గిటారుకు వాడే కంచు చుట్టిన తీగలు వేసి, అయస్కాంతపు పికప్ తగిలిస్తే, లావైన నాలుగు తీగలు నీరసంగా, సన్నని రెండు తీగలు చెవిలో గుచ్చినట్టు వస్తాయి. కంచును అయస్కాంతం పట్టించుకోదు, లోపలి ఉక్కు తీగనే చూస్తుంది. నికెల్ చుట్టిన తీగలు వేస్తే సమంగా పలుకుతుంది. వేళ్లు జారేటప్పుడు వచ్చే కీచు మైకులో వినిపించకూడదంటే నునుపుగా చుట్టిన ఫ్లాట్‌వౌండ్ తీగలు వేసుకోండి.

వాల్వ్ ఆంప్ అయితేనే అసలు స్వరం అన్న నమ్మకం గురించి ఒక్క మాట. జో పాస్ వంటి ఆర్చ్‌టాప్ విద్వాంసుడు ట్రాన్సిస్టర్ల పాలిటోన్ ఆంప్ వాడారు. 1975లో వచ్చిన రోలాండ్ జేసీ-120లోనూ వాల్వులు లేవు, శుభ్రమైన స్వరానికి ఇప్పటికీ దాని పేరే చెబుతారు.

అపోహ: కేబుల్‌ను నేరుగా మిక్సర్‌లో పెడితే సరిపోతుంది

శబ్దం వస్తుంది, ప్రాణం రాదు. అయస్కాంతపు పికప్‌కు ఎదురుగా సుమారు 10 లక్షల ఓముల నిరోధం ఉండాలి. మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో ఉండేది చాలాసార్లు పదివేల ఓముల చుట్టుపక్కలే. ఆ తేడా వల్ల పైస్వరాలు పోయి, గిటారు దుప్పటి కప్పుకున్నట్టు వినిపిస్తుంది. మధ్యలో ఒక డీఐ బాక్సు పెడితే ఈ ఇబ్బంది తీరుతుంది, పొడవు కేబుల్‌లో గురగుర కూడా తగ్గుతుంది. పియెజోకైతే బ్యాటరీతోనో మిక్సర్ పంపే కరెంటుతోనో పనిచేసే యాక్టివ్ డీఐ కావాలి.

ఇక్కడ గొంతు పెంచి చెప్పాల్సిన సంగతి ఒకటుంది. గురగుర తగ్గుతుందని ఆంప్ ప్లగ్గు ఎర్త్ పిన్ను విరిచేయడం చాలాచోట్ల చూశాను. దయచేసి చేయకండి. ఆంప్ ఒక లైనులో, మైకు సెట్టు ఇంకో లైనులో ఉండి, ఎర్త్ సరిగా లేకపోతే, చెయ్యి తీగల మీద, పెదవి మైకు మీద ఆనిన క్షణంలో కరెంటు మనిషి గుండా పోతుంది. డీఐ బాక్సు మీదున్న గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ సిగ్నల్ కేబుల్ ఎర్త్‌ను మాత్రమే తెంపుతుంది. గురగురకు వాడాల్సింది అది. ఆంప్, మిక్సర్ రెండూ ఒకే చోటి నుంచి కరెంటు తీసుకునేలా చూడండి. పందిళ్లలో జనరేటర్ మీద నడిచే కూడికల్లో, వాయించే ముందు ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ చూపించుకోండి.

అపోహ: అమెరికా నుంచి తెచ్చిన ఆంప్‌కు ప్లగ్గు మారిస్తే చాలు

డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చే బంధువులు ప్రేమతో ఆంప్ తెస్తారు. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230, 50. వెనక రాసున్న వోల్టేజీ చదవకుండా పెడితే ఫ్యూజుతో పోతే అదృష్టం. 100 నుంచి 240 అని రాసుంటే భయం లేదు. 120 అని మాత్రమే ఉంటే, ఆంప్ తీసుకునే వాట్లకన్నా బాగా ఎక్కువ తట్టుకునే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. 60 హెర్ట్జ్‌కు మాత్రమే చేసిన పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు 50 దగ్గర ఎక్కువ వేడెక్కుతాయి. గంటల తరబడి ఆన్ చేసి ఉంచకండి.

అపోహ: మన కీర్తనలకు ఇది కుదరదు

కీర్తనకారులు పురుషోత్తమ చౌదరి గారి కాలం నుంచి వస్తున్న కీర్తనల్లో చాలావాటికి రాగం ఉంది, తాళం ఉంది, పెద్దలు పాడితే గమకం కూడా ఉంది. వాటి కింద నిండు కార్డులు పరిస్తే గొంతు జారే చోట గిటారు అడ్డుపడుతుంది. ఇది వాద్యం తప్పు కాదు, మనం పట్టే కార్డు తప్పు. నేను కీర్తనకు సా, పా రెండే పట్టి, తాళం దెబ్బల మీద చిన్నగా మీటుతాను. ఆర్చ్‌టాప్ స్వరం త్వరగా ఆరిపోతుంది కాబట్టి, గొంతు తర్వాతి స్వరం మీదికి జారే సమయానికి దారి ఖాళీగా ఉంటుంది.

చివరి చరణానికి వాల్యూము పూర్తిగా తగ్గించేస్తాను. కీబోర్డు ఆగుతుంది. ముందు వరసలో చాప మీద కూర్చున్న అమ్మమ్మలకు అప్పుడు ఉత్త చెక్క శబ్దమే వినిపిస్తుంది, వాళ్ల చప్పట్లు దాని మీద పడతాయి.