ఎటు తిప్పినా 6174!

పిల్లలూ! కాగితమూ, పెన్సిలూ తీసుకోండి. నాలుగు అంకెల సంఖ్య ఏదైనా ఒకటి రాయండి. నాలుగూ ఒకే అంకె కాకూడదు, అదొక్కటే షరతు. మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరం 1947 తీసుకుందాం.

ఆ నాలుగు అంకెలనే అటూ ఇటూ మార్చి, అన్నిటికంటె పెద్ద సంఖ్య రాయండి: 9741. అన్నిటికంటె చిన్న సంఖ్య: 1479. పెద్దదానిలో నుంచి చిన్నదాన్ని తీసివేయండి. వచ్చినదానికి మళ్లీ అలాగే చేయండి.

9741 – 1479 = 8262
8622 – 2268 = 6354
6543 – 3456 = 3087
8730 – 0378 = 8352
8532 – 2358 = 6174

ఇంకొక్కసారి చేస్తే? 7641 – 1467 = 6174. మళ్లీ అదే! ఇక ఎన్నిసార్లు చేసినా అది కదలదు.

ఇదంతా 1947 మహత్తు అనుకునేరు! మీరు పుట్టిన సంవత్సరంతో చేసి చూడండి. అన్నయ్యను ఒక సంఖ్య చెప్పమనండి. ఏది తీసుకున్నా ఏడు తీసివేతలు దాటకుండా 6174 వచ్చి తీరుతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం ఉన్నది. మధ్యలో 999 వస్తే ముందు సున్న చేర్చి 0999 అని రాసుకోవాలి. సున్నను వదిలితే లెక్క తప్పుతుంది.

ఈ వింతను కనిపెట్టినవారు పెద్ద విశ్వవిద్యాలయంలో ఆచార్యులు కారు, ఒక బడిపంతులు. ఆయన పేరు దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్. 1905లో మహారాష్ట్రలోని డహాణులో పుట్టారు. చిన్ననాటి నుంచీ ఆయనకు లెక్కల చిక్కుముళ్లంటే మహా ఇష్టం. పుణెలో ఫెర్గుసన్ కాలేజీలో చదువుకుని, 1930 నుంచి 1962 వరకు నాసిక్ దగ్గర దేవలాలిలో పిల్లలకు పాఠాలు చెప్పారు. పగలు బడి, తీరిక దొరికితే అంకెలతో ఆట. 1949లో ఆయనకు ఈ 6174 దొరికింది.

అయితే అప్పట్లో చాలామంది పండితులు ఆయన పనిని లెక్కపెట్టలేదు. "ఇదంతా పిల్లల ఆట. ఇందులో గణితమేమున్నది?" అన్నారు. కాప్రేకర్ గారు చిన్నబుచ్చుకుని మానెయ్యలేదు. తాము కనిపెట్టిన సంగతులను చిన్న చిన్న పుస్తకాలుగా సొంతంగా అచ్చు వేయించారు. గణిత సభలకు వెళ్లి చెప్పారు. 1975లో అమెరికాలో మార్టిన్ గార్డ్‌నర్ అనే ప్రసిద్ధ రచయిత ఆయనను గురించి ఒక పత్రికలో రాశాక, ఆ పేరు దేశదేశాలకూ పాకింది. 1986లో ఆయన పోయారు. ఈనాడు 6174ను "కాప్రేకర్ స్థిరాంకం" అంటున్నారు.

ఇంతకూ ఇది ఆటేనా, గణితమా? మీరే తేల్చండి. 0001 నుంచి 9998 దాకా, ఒకే అంకె నాలుగుసార్లు వచ్చేవాటిని తీసేస్తే 9,990 సంఖ్యలున్నవి. అన్నిటినీ చేసి చూడాలంటే ఎన్ని రోజులు పట్టాలి! కాని ఒక చిన్న ఉపాయమున్నది.

1947లోని అంకెలను పెద్దదాని నుంచి వరసగా రాయండి: 9, 7, 4, 1. చివరి రెండు కొసలకూ తేడా 8. నడిమి రెంటికీ తేడా 3. ఇప్పుడు 8ని 999తోనూ, 3ను 90తోనూ గుణించి కూడండి. 7992 + 270 = 8262. మొదటి తీసివేతలో వచ్చింది ఇదే కదా! ఏ సంఖ్యకైనా ఇంతే. అంటే, ఫలితం ఆ రెండు తేడాల మీదనే ఆధారపడి ఉన్నది.

కొసల తేడా 1 నుంచి 9 దాకా ఉండవచ్చు. నడిమి తేడా దాన్ని మించదు. కొసల తేడా 1 అయితే నడిమి తేడా 0 గాని, 1 గాని, రెండే రకాలు. 2 అయితే మూడు రకాలు. ఇలా 9 అయితే పది రకాలు. అన్నీ కూడితే 54! అంత పెద్ద మంద ఒక్క తీసివేతతో 54 సంఖ్యలలోకి వచ్చి పడుతుందన్నమాట. ఆ 54 చేసి చూస్తే అన్నిటినీ చూసినట్టే. ఒక నోటుపుస్తకమూ, ఒక సెలవు రోజూ చాలు. ఎవరి మాటా నమ్మనక్కర లేదు. పిల్లల ఆటలో నుంచే ఇలాంటి రుజువు పుట్టుకొచ్చింది చూశారా?

రెండంకెల సంఖ్యలతో ఆడితే ఒకచోట ఆగవు. 09, 81, 63, 27, 45, మళ్లీ 09 అంటూ గానుగెద్దులా తిరుగుతూనే ఉంటాయి. మరి మూడంకెలతోనో? అక్కడా ఆగే సంఖ్య ఒకటున్నది. నడిమి అంకె ప్రతిసారీ 9 ఎందుకు వస్తున్నదో గమనిస్తే, తొమ్మిది లెక్కలతో రుజువు పూర్తవుతుంది. ఆ సంఖ్య ఏదో మేము చెప్పము. మీరే కనిపెట్టి, రాత్రి అన్నాల దగ్గర అమ్మనూ నాన్ననూ అడగండి!