పొత్తిగుడ్డల పండుగ

హైదరాబాదులోని అబిడ్స్‌కు ఆ పేరు ఒక దుకాణం వల్ల వచ్చింది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆబిద్ అనే ఆయన అక్కడ అంగడి పెట్టాడు. నిజాం పోయాడు, అంగడీ పోయింది, పేరు మాత్రం మిగిలింది. అంగడి పేరు పెట్టుకున్న చోట చిన్నపిల్లలతో క్రిస్మస్ చేసుకోవడం ఎలా ఉంటుందో పల్లెల్లో ఉన్న మన సహోదరీ సహోదరులు ఊహించుకోవచ్చు. డిసెంబరు మొదలైతే చాలు, అద్దాల వెనుక ప్లాస్టిక్ చెట్లు, మెరిసే గంటలు, ఎర్ర టోపీ తాతలు. పిల్లల చెయ్యి పట్టుకొని ఆ రోడ్డు దాటడం తల్లిదండ్రులకు ఒక పరీక్షే. అది గట్టెక్కిందనుకునేలోగా జనవరి 1న నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో నుమాయిష్ మొదలవుతుంది. 1938లో మొదలైన ఈ సంతను చూడని హైదరాబాదు పిల్లలు తక్కువ.

మేము నాంపల్లి స్టేషనుకు దగ్గరలో ఒక సందులో అద్దెకుంటున్నాము. ఆదివారం ఆరాధనకు అబిడ్స్ వైపు నడిచే వెళ్తాము. పేరులోనే ప్రార్థనా మందిరం ఉన్న చాపెల్ రోడ్డు, అక్కడ మెథడిస్టు మిషను వారు 1895లో ఆడపిల్లల కోసం స్థాపించిన స్టాన్లీ బడి, ముందుకు పోతే మూసిన దుకాణాల ముందు ఫుట్‌పాత్ మీద పరచిన పాత పుస్తకాలు. మా పిల్లలకు బైబిలు కథలు ఎక్కువగా ఈ నడకలోనే తెలిశాయి. పిల్లలకు దేవుని మాటలు నేర్పమని మోషే చెప్పిన చోట (ద్వితీ. 6:7) బడి ఊసు లేదు, గుడి ఊసు లేదు. ఇల్లు, దారి, పడక, ఇవే ఉన్నాయి. ఇంట్లో గంటసేపు ప్రార్థన పెట్టి, కదిలితే పిల్లల తొడ గిల్లే పెద్దలను నేను చూశాను. అయిదేళ్ల బిడ్డ పది నిమిషాలు కుదురుగా కూర్చుంటే దేవునికి స్తోత్రం చెప్పి ముగించడం మేలని నా అభిప్రాయం.

2019లో మా ఇంట్లో క్రిస్మస్ చేతిపనిగా మారింది. అది భక్తితో మొదలైనది కాదు, డబ్బు లేక మొదలైనది. మా వారు పనిచేసే చోట సెప్టెంబరు నుండి జీతాలు ఆగిపోయాయి. అప్పటికి బాబుకు ఎనిమిదేళ్లు, పాపకు అయిదేళ్లు. రాత్రి ప్రార్థనలో నాన్నగారి జీతం కోసం ప్రార్థించే పని పాప తీసుకుంది. ఒక్క రాత్రి కూడా మానలేదు. అక్టోబరు పోయింది, నవంబరు పోయింది. ఒకరోజు బాబు రెండు ప్రశ్నలు వెంట వెంటనే అడిగాడు. "అమ్మా, మనం పేదవాళ్లమా? చెల్లి రోజూ అడుగుతోంది కదా, దేవుడు వినట్లేదా?"

మొదటిదానికి జవాబు దారిలోనే దొరికింది. ఆదివారం పావురాలు కనబడినప్పుడు మా వారు వాడికి యేసయ్య తల్లిదండ్రుల అర్పణ సంగతి చెప్పారు. బిడ్డ పుట్టిన తరువాత తల్లి గొర్రెపిల్లను అర్పించాలి, దానికి శక్తి లేకపోతే రెండు పక్షులు చాలునని ధర్మశాస్త్రం (లేవీ. 12:8). మరియ యోసేపులు దేవాలయానికి తీసుకుపోయింది పక్షుల అర్పణే (లూకా 2:24). "అంటే వాళ్ల దగ్గర గొర్రెపిల్లకు పైసల్లేవా?" అన్నాడు వాడు. లేవన్నారు మా వారు. వాడు చాలా దూరం మాట్లాడకుండా నడిచాడు. రెండో ప్రశ్నకు మాత్రం మా దగ్గర అంత చక్కని జవాబు లేదు. జెకర్యా, ఎలీసబెతు ముసలివారయ్యేదాకా కనిపెట్టారని చెప్పాము. దేవుడు వింటాడు, ఎప్పుడిస్తాడో మాకూ తెలియదు అన్నాము. తెలియనిది తెలిసినట్టు పిల్లలకు చెప్పకూడదు. వాళ్లు అన్నీ గుర్తుపెట్టుకుంటారు.

నక్షత్రం పనితో మొదలుపెట్టాము. హైదరాబాదులో డిసెంబరు అంటే పతంగుల కాలం కూడా. సంక్రాంతికి ముందు నుండే ధూల్‌పేటలో పతంగులు తయారవుతాయి. సన్నని వెదురు బద్దలు, పలుచని రంగు కాగితం, నక్షత్రానికి కావలసినవీ అవే. ఒకే పొడవున్న బద్దలు పది తీసుకొని, అయిదేసి బద్దలతో రెండు నక్షత్రాలు కట్టాలి. రెండింటినీ ఒకదానిపై ఒకటి పెట్టి అయిదు కొనలూ దారంతో బిగించి, లోపల బద్దలు కలిసే అయిదు చోట్ల జానెడు పుల్లలు నిలబెడితే నక్షత్రం పొట్ట ఉబ్బుతుంది. మైదాపిండిని నీళ్లలో ఉడికిస్తే జిగురు తయారు. లోపల చిన్న ఎల్.ఇ.డి. బల్బు చాలు. వెనుకటి బల్బుల వేడికి కాగితం మాడేది, ఇప్పుడా బాధ తగ్గింది.

పై వాటాలో ఉండే ముస్లిం కుటుంబపు అబ్బాయి మా బాబు తోటివాడే. పతంగులు కట్టడంలో వాడి చేయి తిరిగింది. బద్దలు సగం వాడే కట్టాడు. మర్యమ్మ కథ తనకు తెలుసని, వాళ్ల అమ్మీ చెప్పిందని అన్నాడు. వాళ్ల ఖురానులో మర్యమ్ పేరుతో ఒక అధ్యాయమే ఉంది. నేను వాదం పెట్టుకోలేదు. రంజాన్‌కు వాళ్ల ఇంటి నుండి షీర్ ఖుర్మా వస్తుంది, క్రిస్మస్‌కు అదే గిన్నెలో మా గవ్వలు వెళ్తాయి. ఖాళీ గిన్నె తిరిగి పంపే అలవాటు మా మెట్ల మీద లేదు.

ఇటువంటి నక్షత్రాలకు ఒక చరిత్ర ఉంది. జర్మనీలో నీస్కీ అనే ఊరిలో మొరేవియన్ సంఘం వారి వసతి బడి ఉండేది. 1830ల్లో అక్కడి పిల్లలు లెక్కల పాఠంలో భాగంగా కాగితంతో కొనలు కొనలుగా నక్షత్రాలు చేశారు. దుకాణాల కోసం వాటిని తయారుచేయడం తరువాతి మాట. ఈ సంగతి విన్నాక మా బాబుకు కోణాల మీద ఎక్కడలేని గౌరవం కలిగింది.

పశువుల తొట్టి కోసం డిసెంబరు రెండో వారంలోనే ఒక పళ్లెంలో మట్టి పోసి రాగులు చల్లాము. పండుగనాటికి పచ్చగడ్డి మొలవాలి. పాప రోజుకు నాలుగుసార్లు నీళ్లు పోసి సగం కుళ్లబెట్టింది, మిగిలిన సగం మొలిచింది. బెత్లెహేము దృశ్యాన్ని ఇలా కళ్లముందు నిలపడం 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే పల్లెలో ఫ్రాన్సిస్ భక్తుడు చేసినది, నిజమైన గడ్డితో, నిజమైన ఎద్దు గాడిదలతో. పల్లెల్లో ఉన్నవారికి ఆ ఎద్దు దొడ్లోనే ఉంటుంది. మేము బంకమట్టితో చేసుకున్నాము. మా ఎద్దుకు మూడు కాళ్లే నిలిచాయి, దాన్ని గోడకు ఆనించాము.

ప్రతి సంవత్సరం క్రిస్మస్‌కు మేము మెదకు దగ్గర మా అత్తమ్మ వాళ్ల ఊరికి పోయి, మెదకు గుడిలో ఆరాధన చేసుకునేవాళ్లం. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన గుడి అది. కరువు రోజుల్లో పాస్నెట్ దొరగారు పనికి కూలి ఇచ్చి, ఆకలిగొన్న జనం చేతులతోనే దానిని కట్టించారు. ఆ కథ అత్తమ్మ చెప్పగా మా పిల్లలు ఎన్నోసార్లు విన్నారు. 2019లో నలుగురికి బస్సు ఖర్చు కష్టమని తెలిసి అత్తమ్మే నాంపల్లికి వచ్చింది, ఒక మూటతో. సకినాలు, నువ్వుల లడ్డూలు, అడుగున నాలుగు పాత నూలు చీరలు. చీరలెందుకో నాకు అర్థం కాలేదు.

ఆ రాత్రి ప్రార్థనలో మా వారు లూకా సువార్త రెండవ అధ్యాయం చదివారు. "పొత్తిగుడ్డలంటే ఏంటి?" అంది పాప. నేను నోరు తెరిచేలోగా అత్తమ్మ లేచి మూట విప్పింది. ఒక చీరను చేత్తో చించి, దిండును పసిబిడ్డలా చుట్టి చూపించింది. "ఇగో, ఇట్ల. మీ నాయినను గిట్లనే సుట్టిన. కొత్తగుడ్డ పసివోళ్లకు గరుకుంటది బిడ్డా. పదేండ్లు కట్టిన చీరైతే మెత్తగుంటది." చీరలు తెచ్చింది పండుగ దీపాల వత్తులకూ, ఇంటి తుడుపుకూ అట. పాప ప్రశ్నతో వాటి పని మారిపోయింది.

నేను ఆ భాగం ఎన్ని క్రిస్మస్‌లలో విన్నానో లెక్కలేదు, కాని ఆ రాత్రి చూసినట్టు ఎన్నడూ చూడలేదు. గొర్రెల కాపరులకు నక్షత్రం లేదు. అది మత్తయి సువార్తలో జ్ఞానులకు కనబడినది. కాపరులకు దూత చెప్పిన ఆనవాలు రెండే, గుడ్డలు, తొట్టి (లూకా 2:12). తొట్టి ఎవరిదో. గుడ్డలు మాత్రం ఆ తల్లి తన చేతులతో చుట్టినవి. నజరేతు నుండి బయలుదేరేటప్పుడు మూటలో మడిచి పెట్టుకున్నవే అయి ఉంటాయని తల్లినైన నాకు అనిపిస్తుంది. నెలలు నిండిన ఏ ఆడది అవి లేకుండా ప్రయాణం కడుతుంది?

మా ఇంటి నుండి కొంచెం నడిస్తే రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ ఆస్పత్రి ఉంది. 1953 నుండి తల్లులకు, పిల్లలకు వైద్యం చేస్తున్న పెద్దాస్పత్రి. జిల్లాల నుండి వచ్చేవారికి ఈ పేరు తెలుసు. లోపల కోడలో కూతురో ఉంటే, బయట చెట్టు కింద, గోడ వెంట చాపలు పరచుకొని అత్తలు, అమ్మలు కనిపెట్టుకొని ఉంటారు. ఆ దారిన వెళ్లినప్పుడల్లా వారిని చూస్తున్నాము. ఇక ఎవరికివ్వాలో ఆలోచించవలసిన పని లేకపోయింది.

నాలుగు చీరలూ సబ్బుతో ఉతికి, నీళ్లలో మరగబెట్టి, మిద్దె మీద మంచి ఎండలో ఆరేసి, గజం గజం ముక్కలు చేశాము. అంచులు నేను కుట్టాను. జరీ, గరుకు అంచు ఉన్న ముక్కలు తీసేశాము. మడతలు పిల్లలు పెట్టారు. ముప్పైకి పైగా వచ్చాయి. మూడేసి ఒక కట్టగా కట్టి, కట్టతో పాటు నాలుగు గవ్వలు పొట్లం కట్టాము. గవ్వలు కూడా పిల్లల పనే. పిండి ముద్దను కొత్త దువ్వెన మీద నొక్కి చుట్టడం అయిదేళ్ల చేతికి వస్తుంది, నూనె మూకుడు దగ్గరకు మాత్రం రానివ్వలేదు. పండుగ ముందురోజు సాయంత్రం అందరం వెళ్లాము. లోపలికి పోలేదు. బయట ఉన్న పెద్దవాళ్ల చేతికే ఇచ్చి, బిడ్డకు వాడే ముందు నర్సమ్మను అడగమని చెప్పాము.

ఒక ముసలమ్మ కట్ట అందుకొని గుడ్డను చెంపకు ఆనించి చూసింది. మనవరాలు పుట్టి రెండు రోజులైందట, నెలలు నిండకముందే పుట్టిందట, ఇంకా తల్లి పక్కకు రాలేదట. "పేరేంటి?" అంది మా పాప. "ఇంకా పెట్టలే బిడ్డా" అంది ఆమె. మేము కదలబోతుంటే ఆపింది. "ఉట్టిగ ఎట్ల తీసుకుంట?" అని కొంగు ముడి విప్పి, ఇద్దరి దోసిళ్లలో వేయించిన పల్లీలు పోసింది. వద్దనబోయిన నన్ను మా అత్తమ్మ కళ్లతోనే ఆపింది. ఆ రాత్రి పాప ప్రార్థనలో నాన్నగారి జీతం రెండో స్థానానికి పోయింది. మొదటిది, పేరు పెట్టని పాప.

ఆ బిడ్డ సంగతి తరువాత మాకు తెలియలేదు. జీతం 2020 ఫిబ్రవరిలో సగం వచ్చింది, మిగతా సగం రానేలేదు. మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ఆ సంవత్సరం ఆస్పత్రుల దగ్గరకు పోయే వీలు లేక మడిచిన గుడ్డలు పెట్టెలోనే ఉండిపోయాయి. పండుగ మాత్రం ఇంట్లో చేసుకోవడం పిల్లలకు అప్పటికే వచ్చు. 2021 నుండి మా వారికి వేరే పని దొరికింది, కొనే శక్తి కొంత వచ్చింది. కొనడం పాపమని నేననను. కొత్త బట్టలు లేని పండుగ పిల్లలకు పండుగ కాదు, మేమూ కొన్నాము. కాని నక్షత్రం కొందామంటే బాబు ఒప్పుకోలేదు. పై వాటా అబ్బాయి అప్పటికే బద్దలు తెచ్చి మెట్ల మీద పెట్టాడు.

మీలో ఎవరైనా గుడ్డల పని చేయదలిస్తే నవంబరులోనే మొదలుపెట్టండి. డిసెంబరు ఎండకు నూలు త్వరగా ఆరదు. పాలిస్టరు కలిసిన చీర పనికిరాదు, చెమట పీల్చదు. అమ్మమ్మలను, నానమ్మలను అడగండి. ఏ ఇంట్లోనైనా పెట్టె అడుగున ఒక మెత్తటి చీర ఉంటుంది. ఇవ్వబోయేది ఎందుకో చెబితే, మా అనుభవంలో, రెండోది కూడా వాళ్లే తీసి ఇస్తారు.