శెనక్కాయ లెక్క

నాయనా, మన అనంతపురంలో సాయంత్రం బజ్జీలు వేగే నూనె ఎక్కడిదో ఎప్పుడైనా అడిగావా? చాలా బండ్ల మీద పామాయిలే. ఇండోనేషియా నుంచో మలేషియా నుంచో ఓడెక్కి వస్తుంది. ఇన్ని శెనక్కాయ చేలున్న జిల్లాకు ఈ నూనె ఎందుకొచ్చిందో చెప్తా విను.

శెనక్కాయ పైన పూసి నేలలో కాస్తుంది. పూత రాలాక ఊడ కిందికి దిగి మట్టిలోకి చొచ్చుకుపోవాలి. అప్పుడు నేల తడిగా ఉండాలి. మనకు ఏడాదంతా కలిపి పడేదే సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదీ సరిగ్గా ఊడలు దిగే వేళకు మొహం చాటేస్తుంది. ఎర్రనేల గట్టిపడితే ఊడ పైనే ఎండిపోతుంది. హెక్టారుకు 5 క్వింటాళ్ల కాయ వచ్చిందనుకో. ఒలిస్తే మూడున్నర క్వింటాళ్ల గింజ, ఆడిస్తే ఒకటిన్నర క్వింటాలు నూనె. ఆయిల్‌పామ్ తోట హెక్టారుకు మూడు టన్నులకు పైనే నూనె ఇస్తుంది. ఇండోనేషియా, మలేషియాల్లో వానకు కొదవ లేదు. ధరలో మనమెలా నిలుస్తాం?

అందుకే దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తోంది. ఒక దేశం బయటికి అమ్మిన సరుకు కంటే బయట కొన్న సరుకు విలువ ఎక్కువైతే ఆ తేడాను వాణిజ్య లోటు అంటారు. 2023-24లో మన సరుకుల ఎగుమతులు సుమారు 437 బిలియన్ డాలర్లు, దిగుమతులు 678. ముడిచమురు, బంగారంతో పోలిస్తే వంటనూనె వాటా చిన్నదే, కానీ దాని దెబ్బ నేరుగా మన చేలకు తగులుతుంది. 2024 సెప్టెంబరులో ముడి పామాయిల్ మీద మూల దిగుమతి సుంకం 20 శాతానికి పెంచారు. 2025 మే నెలాఖరున, ఖరీఫ్ విత్తే ముందు, 10కి తగ్గించారు. సుంకం తగ్గితే బయటి నూనె చవకై మన కాయ ధరను కిందికి లాగుతుంది. రైతు ఏ ధరను నమ్మి విత్తనం కొనాలి? నన్ను బాధపెట్టేది ఇదే.

2023-24 లెక్కల్లో దేశంలో పనిచేసే నూరుమందిలో 46 మంది సేద్యంలోనే ఉన్నారు. దేశాదాయంలో సేద్యం వాటా మాత్రం నూటికి 18 రూపాయల దగ్గరే. ఇద్దరు చాలే చేలో నలుగురుంటారు. వాన తప్పితే బేల్దారి పనికి బెంగళూరు బస్సెక్కుతారు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి, విదేశాలకూ పోతున్నాయి. మంచిదే. కానీ అక్కడ వెల్డింగు రోబోలు చేస్తాయి. కలుపు తీసే యాభై ఏళ్ల అమ్మకు అందులో చోటు లేదు.

ఆమెకు శెనక్కాయలోనే పని ఉంది. తినే గింజకు విదేశాల్లో మంచి గిరాకీ. అయితే కోతకు ముందు బెట్ట తగిలితే కాయలో బూజు చేరి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. యూరప్ రేవుల్లో పరీక్షలో అది తేలితే సరుకు తిప్పి పంపేస్తారు. చివర్లో ఒక తడి ఇవ్వాలి, పీకిన కాయను త్వరగా ఆరబెట్టాలి, పాడైన గింజను ఏరేయాలి. ఆరబెట్టే షెడ్లు, గింజ ఏరే కేంద్రాలు మండలానికొకటైనా కట్టాలి. ముందు కదిరి, కళ్యాణదుర్గం వైపు మొదలుపెట్టమంటాను.