బీరువాలో నెగెటివులు భద్రమేనా?

మీ పెళ్ళినాటి నెగెటివులు ఇంకా బీరువా అడుగునే ఉన్నాయా? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ సింగ్‌నగర్ ఇళ్ళు మునిగినప్పుడు చూశాంగా, నీళ్ళు చెప్పి రావు! వరద రాకపోయినా మన డెల్టా చెమ్మకి ఫిల్ము బూజు పడుతుంది. అందుకే స్కాన్ చేయించి పెట్టుకోండి.

షాపులో "ఎంత డీపీఐ?" అని అడిగితే తడబడకండి. 35 ఎం.ఎం. ఫిల్ములో ఒక్కో బొమ్మ పొడవు 36 మిల్లీమీటర్లే. 1200లో చేయిస్తే పోస్టుకార్డంత ప్రింటు చక్కగా వస్తుంది. 2400 అయితే సుమారు 11 అంగుళాల ఫోటో, గోడకి తగిలించుకోవచ్చు. స్లైడ్లకీ ఇదే లెక్క. అంతకు మించితే చాలా ఫ్లాట్‌బెడ్ స్కానర్లలో ఫైలు బరువు పెరగడమే తప్ప కొత్త వివరాలేమీ రావు.

ఇచ్చేముందు మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులపండి. ఒక కాపీ పుట్టింటికి పంపండి. నెగెటివులు మాత్రం పారేయకండి సుమా!