ఒక్క రాకెట్ పడిపోతే ఎన్ని సబ్జెక్టులు పరిగెత్తుకొస్తాయి? శ్రీహరికోట కథ

ఇంటర్ అయిపోయిన పిల్లల్ని మన నెల్లూరు వైపు ఎవర్ని అడిగినా ఒకటే జవాబు: "సీఎస్ఈ అన్నా." మ్యాథ్స్ తీసుకుంటే టీచర్ జాబ్, ఫిజిక్స్ తీసుకుంటే అదీ లేదు, ఎంబీఏ అంటే అందరూ చేసేదే. ఇలా లెక్కలు వేసేసుకుంటాం. ఈ రోజు ఆ లెక్కని కాస్త పక్కన పెట్టి, సూళ్లూరుపేట నుంచి పులికాట్ సరస్సు మధ్యలో ఉన్న రోడ్డు మీదుగా శ్రీహరికోట పోదాం. 2022లో జిల్లాలు మారేదాకా అది నెల్లూరు జిల్లానే. మనకైతే ఇప్పటికీ మన ఊరి పక్కదే.

2022 ఆగస్టు 7. ఎస్ఎస్ఎల్‌వీ అనే కొత్త చిన్న రాకెట్ మొదటిసారి ఎగిరింది. అందులో ఇస్రో వాళ్ల ఉపగ్రహంతో పాటు ఆజాదీశాట్ అని ఇంకొకటి ఉంది. దేశంలోని 75 స్కూళ్ల నుంచి 750 మంది ఆడపిల్లలు దాని తయారీలో పాలుపంచుకున్నారు. రాకెట్ బాగానే లేచింది, స్టేజీలు ఒక్కోటి మండాయి. కానీ ఉపగ్రహాలు 356 కిలోమీటర్ల గుండ్రటి కక్ష్యలో పడాల్సింది పోయి, ఒక పక్క 356, ఇంకో పక్క 76 కిలోమీటర్ల కోడిగుడ్డు ఆకారం కక్ష్యలో పడ్డాయి. 76 కిలోమీటర్ల ఎత్తులో ఇంకా గాలి ఉంటుంది. అంత స్పీడులో ఆ పల్చటి గాలి చాలు, పని అయిపోవడానికి. అయిపోయింది కూడా.

ఎందుకిలా జరిగింది? ఇక్కడి నుంచి జాగ్రత్తగా వినండి.

రెండో స్టేజ్ విడిపోయేటప్పుడు ఒక కుదుపు వచ్చింది. అది ఫిజిక్స్. ఆ కుదుపు కాసేపే ఉంది, కానీ అనుకున్నదానికంటే గట్టిగా తగిలింది. రాకెట్‌లో యాక్సిలరోమీటర్లు ఉంటాయి. మీ ఫోన్ అడ్డం తిప్పితే వీడియో కూడా అడ్డం తిరుగుతుంది కదా, అదే రకం సెన్సర్, కాకపోతే చాలా ఖరీదైనది. కుదుపుకి వాటి రీడింగ్ పైహద్దు దాటిపోయింది. అప్పుడు రాకెట్‌లోని సాఫ్ట్‌వేర్ ఏం చేసిందంటే, "ఈ సెన్సర్లు చెడిపోయాయి" అని తీర్మానించి, వాటిని పక్కన పెట్టేసింది. నిజానికి సెన్సర్లు బాగానే ఉన్నాయి. ఒక మనిషి కాసేపు కళ్లు మూసుకుంటే గుడ్డివాడని రాసిపారేసినట్టు. దాంతో రాకెట్ అత్యవసర పద్ధతిలోకి వెళ్లి, ముందే రాసిపెట్టిన దారిలో గుడ్డిగా పోయింది.

చివరికి తగ్గిన వేగం ఎంతో తెలుసా? కక్ష్య లెక్క కట్టి చూస్తే సెకనుకు 100 మీటర్లు కూడా కాదు. ఉండాల్సిన వేగం సెకనుకు 7.7 కిలోమీటర్లు. నూటికి రెండు వంతులు కూడా తగ్గలేదు, ఉపగ్రహాలు మాత్రం దక్కలేదు.

ఇప్పుడు చెప్పండి, తప్పు ఏ సబ్జెక్టుది? కుదుపు ఎంత వస్తుందో కొలవాల్సింది ఫిజిక్స్. ఎంత సేపు ఎంత దాటితే "చెడిపోయింది" అనాలి అన్న హద్దు గణితం, ముఖ్యంగా ప్రాబబిలిటీ. ఆ హద్దుని కోడ్‌లో పెట్టింది కంప్యూటింగ్. "అన్ని సెన్సర్లూ ఒకేసారి చెడిపోయాయని చెబితే ఏంటి పరిస్థితి?" అని మీటింగ్‌లో ఎవరో ఒకరు అడగాలి, అడిగే వాతావరణం ఉండాలి. అది మేనేజ్‌మెంట్. నాకైతే ఈ చివరిదే అన్నిటికంటే కష్టమనిపిస్తుంది.

ఈ నలుగురూ నిజాన్ని తెలుసుకునే పద్ధతి కూడా ఒకటి కాదు. గణితం వాళ్లు రుజువు చేస్తారు. ఒకసారి రుజువైతే వెయ్యేళ్లయినా అంతే. 1903లో సియోల్‌కోవ్‌స్కీ అనే రష్యన్ స్కూల్ మాస్టారు రాకెట్ సమీకరణం ప్రచురించాడు, అందులో ఉన్నది మీరు ఇంటర్‌లో తిట్టుకున్న లాగరిథమే. దాని అర్థం ఏంటంటే, వేగం రెట్టింపు కావాలంటే బరువుల నిష్పత్తి రెట్టింపు కాదు, వర్గం అవ్వాలి. 3 ఉన్నది 6 కాదు, 9. అందుకే 320 టన్నుల పీఎస్ఎల్‌వీ ధ్రువకక్ష్యకి మోసేది సుమారు 1,750 కిలోలే. ఇస్రో ఎంత కష్టపడినా ఆ లాగరిథమ్‌ని బతిమాలుకోలేదు.

ఫిజిక్స్ వాళ్లు కొలుస్తారు. శ్రీహరికోటని 1969లో ఎంచుకోవడంలోనే ఫిజిక్స్ ఉంది. భూమధ్యరేఖకి దగ్గర కాబట్టి, భూమి తిరగడం వల్ల తూర్పుకి సెకనుకు దాదాపు 450 మీటర్ల వేగం ఊరికే వస్తుంది. తూర్పున అంతా బంగాళాఖాతం, కాలిపోయిన స్టేజీలు సముద్రంలో పడతాయి. అందుకే లాంచ్ రోజున మన మత్స్యకారులని అటు వేటకి పోవద్దంటారు. కానీ ధ్రువకక్ష్యకి దక్షిణం వైపు పోవాలంటే కింద శ్రీలంక ఉంది. దాని మీదుగా పోకుండా ముందు ఆగ్నేయానికి వెళ్లి, తర్వాత దక్షిణానికి మలుపు తిరగాలి. ఆ మలుపులో ఇంధనం పోతుంది. తమిళనాడు కులశేఖరపట్నంలో రెండో కేంద్రం కడుతున్నది దీనికోసమే.

కంప్యూటింగ్ వాళ్లు ఎంత పరీక్షించినా, ఇంకో తప్పు లేదని చెప్పలేరు. 1993 సెప్టెంబర్ 20న మొదటి పీఎస్ఎల్‌వీ పోవడానికి కారణాల్లో సాఫ్ట్‌వేర్ పొరపాటు ఒకటి. 1996లో యూరప్ వాళ్ల ఏరియన్-5 కూడా, పట్టనంత పెద్ద సంఖ్యని చిన్న గదిలో కుక్కబోయి పేలిపోయింది.

మేనేజ్‌మెంట్ వాళ్లు మనుషుల్ని గమనిస్తారు. దీన్ని మనవాళ్లు రీసెర్చే కాదంటారు, నేను ఒప్పుకోను. హార్వర్డ్‌లో ఎమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రి టీముల మీద పరిశోధన చేస్తే, మంచి టీముల్లోనే ఎక్కువ తప్పులు నమోదయ్యాయి. తప్పులు ఎక్కువ చేసి కాదు, చెప్పడానికి భయం లేక.

శ్రీహరికోటలో ఇది అంతకుముందే కనబడింది. 1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వీ-3 లాంచ్‌ని కంప్యూటర్ ఆపేసింది. మిషన్ డైరెక్టర్ కలామ్ గారు నిపుణులతో మాట్లాడి, కంప్యూటర్ మాట పక్కన పెట్టి ముందుకు పోయారు. రాకెట్ సముద్రంలో పడింది. ప్రెస్ ముందుకి ఎవరెళ్లారు? ఇస్రో చైర్మన్ సతీష్ ధావన్ గారు, బాధ్యత తన మీద వేసుకుని. 1980 జులై 18న విజయం వచ్చినప్పుడు మాత్రం "నువ్వు వెళ్లి మాట్లాడు" అని కలామ్ గారిని పంపారు. కలామ్ గారు ఈ సంగతి తర్వాత ఎన్నో సభల్లో చెప్పారు. 2002లో ఆ కేంద్రానికి ధావన్ గారి పేరే పెట్టారు.

మళ్లీ ఎస్ఎస్ఎల్‌వీ దగ్గరికి వద్దాం. కుదుపు తక్కువగా ఉండేలా రెండో స్టేజ్ విడిపోయే ఏర్పాటు మార్చారు. సెన్సర్ చెడిందని తేల్చే లాజిక్ మార్చారు. అత్యవసర పద్ధతిలో కూడా మన నావిక్ ఉపగ్రహాల నుంచి దారి తెలుసుకునేలా చేశారు. ఆరు నెలలు పట్టింది. 2023 ఫిబ్రవరి 10న రెండోది లేచి, 450 కిలోమీటర్ల కక్ష్యలో మూడు ఉపగ్రహాలని సరిగ్గా వదిలింది. అందులో ఒకటి ఆజాదీశాట్-2.