ఆర్కిడ్ విత్తుకు అన్నం పెట్టే బూజు

నియమగిరి కొండల పాదభాగాన, నాగావళి పరివాహకంలో ఉన్న కల్యాణసింగ్‌పూర్ పరిసరాలలో తొలకరి పడగానే నేలమీద పుట్టగొడుగులు లేస్తాయి. ఇంచుమించు అదే కాలంలో మామిడి, ఇప్ప వంటి పెద్ద చెట్ల కొమ్మలపై ఆర్కిడ్ పూలు కనిపిస్తాయి. పుట్టగొడుగు శిలీంధ్రమనే సంగతి మన పిల్లలు ఏడవ తరగతికి వచ్చేసరికే చదువుకుంటారు. అయితే కొమ్మపై పూసిన ఆ పూవు పుట్టుకకు కూడా ఒక శిలీంధ్రమే ఆధారమన్న విషయం పెద్దలలోనూ చాలామందికి తెలియదు.

బదనిక వేరు, ఆర్కిడ్ వేరు

చెట్టుమీద పెరిగే ప్రతి మొక్కనూ బదనిక అనడం మన వాడుక. ఈ వాడుక వలన ఆర్కిడ్‌కు అన్యాయం జరుగుతోంది. నిజమైన బదనిక మామిడి కొమ్మలోనికి తన చూషకాలను దించి, చెట్టు నీటిని, లవణాలను పీల్చుకుంటుంది. అది అతుక్కున్న చోట కొమ్మ ఉబ్బి ఉంటుంది. ఆర్కిడ్ అలా చేయదు. దాని వేళ్ళు బెరడును పైపైన పట్టుకొని ఉంటాయి. వేళ్ళపై ఉండే తెల్లని, స్పంజి వంటి పొర వాన నీటిని, మంచును పీల్చి దాచుకుంటుంది. చెట్టు దానికి నిలువ నీడ మాత్రమే ఇస్తుంది, అన్నం పెట్టదు.

మన ప్రాంతంలో మామిడి చెట్లపై కనిపించే వాండా టెస్సెలేటా ఇందుకు మంచి ఉదాహరణ. ఒడియాలో దీనిని రాస్నా అంటారు. మందమైన ఆకులు దోనె వలె మడిచి, రెండు వరుసలలో ఉంటాయి. పసుపు, గోధుమ రంగుల గళ్ళ పూవులో నీలి ఛాయగల పెదవి వంటి రేకు ఉంటుంది.

తిండి లేని విత్తు

చోడి గింజ ఎంత చిన్నదైనా అందులో మొలకకు కావలసిన పిండి ఉంటుంది. తల్లి బిడ్డకు మూట కట్టి పంపినట్లు, ప్రతి పంట మొక్క తన విత్తులో కొంత తిండి పెట్టి పంపుతుంది. ఆర్కిడ్ విత్తులో ఆ మూట లేదు. అది ధూళి వలె గాలిలో తేలిపోతుంది. ఒక కాయలో వేల విత్తులుంటాయి. కొన్ని జాతులలో లక్షలు దాటుతాయి.

ఛార్లెస్ డార్విన్ 1862లో ప్రచురించిన ఆర్కిడ్ల గ్రంథంలో ఒక మొక్కకు 1,86,300 విత్తులు రాగలవని లెక్క కట్టాడు. అవన్నీ మొలిచి వృద్ధి పొందితే కొన్ని తరాలలోనే భూమి అంతా ఆర్కిడ్లతో నిండిపోవాలి. అలా ఎందుకు జరగడం లేదో ఆయనకు అంతుపట్టలేదు.

సమాధానంలో ముఖ్యభాగం 1899లో దొరికింది. ఫ్రెంచి శాస్త్రవేత్త నోయెల్ బెర్నార్, అడవి నేలలో మొలిచిన ఒక ఆర్కిడ్ జాతి విత్తులను సూక్ష్మదర్శినితో పరిశీలించాడు. మొలకల లోపల శిలీంధ్ర తంతువులు కనిపించాయి. శిలీంధ్రం చేరితేనే విత్తు మొలుస్తోందని ఆయన గ్రహించాడు.

అప్పు ఇచ్చే తంతువులు

జరిగే పని ఇది. తగిన బెరడు మీదనో, ఆకుచెత్త ఉన్న నేలలోనో విత్తు పడుతుంది. అక్కడి శిలీంధ్ర తంతువు విత్తులోనికి ప్రవేశించి, కణాలలో దారపు ఉండల వలె చుట్టుకుంటుంది. మొలక ఆ ఉండలను జీర్ణించుకొని చక్కెరలను, నత్రజనిని పొందుతుంది. అప్పుడు అది ఆకు, వేరు లేని చిన్న ముద్దగానే ఉంటుంది. పచ్చని ఆకు వచ్చేవరకు దానికి శిలీంధ్రమే దిక్కు. తగిన శిలీంధ్రం దొరకని విత్తులు నశిస్తాయి. లక్షల విత్తులలో బహు కొద్ది మాత్రమే మొక్కలు కావడానికి ఇదొక ప్రధాన కారణం.

వేరుకు, శిలీంధ్రానికి మధ్య సహజీవనం ఆర్కిడ్లకే పరిమితం కాదు. చోడి వేళ్ళలోని శిలీంధ్రం నేలనుండి భాస్వరం తెచ్చి ఇస్తే, మొక్క ప్రతిఫలంగా చక్కెర ఇస్తుంది. సాలవృక్షపు వేళ్ళను మరొక రకం శిలీంధ్రాలు తొడుగు వలె కప్పి ఉంటాయి. వానల్లో సాల అడవిలో లేచే పుట్టగొడుగులలో అనేకం వాటివే. వీటిలో మొక్క మొదటినుండీ చక్కెర ఇచ్చేదే. ఆర్కిడ్ శైశవంలో మాత్రం లెక్క తిరగబడుతుంది: శిలీంధ్రమే మొక్కను పోషిస్తుంది. పెద్దయ్యాక కొన్ని ఆర్కిడ్లు చక్కెర ఇచ్చి అప్పు తీరుస్తాయి. పత్రహరితం లేని జాతులు జన్మంతా తీర్చవు.

భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ సంస్థ 2019లో ప్రకటించిన జాబితా ప్రకారం మన దేశంలో 1,256 ఆర్కిడ్ జాతులున్నాయి. వాటిలో 43 ఇలా పూర్తిగా శిలీంధ్రంపైనే బ్రతికేవి.

మనం చేయదగినవి

1922లో అమెరికా శాస్త్రవేత్త లూయిస్ నడ్సన్, చక్కెర కలిపిన మాధ్యమంలో శిలీంధ్రం లేకుండానే ఆర్కిడ్ విత్తులను మొలిపించాడు. నేడు పట్టణాలలో అమ్మే ఆర్కిడ్లు అధికంగా ప్రయోగశాలల మార్గాన వచ్చినవే. కాన పూలకోసం అడవి మొక్కలను పెరకవలసిన అవసరం లేదు. అడవినుండి తెచ్చి పెరటిలో కట్టిన మొక్క కొన్నేళ్ళు పూయవచ్చు. అక్కడ తగిన బెరడు, తేమ, శిలీంధ్రం లేకపోతే దాని విత్తు మొలవదు. అడవిలో మాత్రం ఒక తల్లి తగ్గిపోతుంది.

బదనిక తీసేటప్పుడు అతుకును పరిశీలించండి. వేళ్ళు పైపైన పట్టుకొని ఉంటే అది ఆర్కిడ్. దానిని ఉంచినందువలన మామిడి కాపు తగ్గదు. గాలికి విరిగిన కొమ్మతోపాటు ఆర్కిడ్ నేల రాలితే, దగ్గరలోని గరుకు బెరడు గల చెట్టుకు, కొంచెం నీడపట్టున, నారతో కట్టండి. కాయలను విచ్చేవరకు కోయకండి. అన్నిటికంటె ముఖ్యమైనది, గ్రామపు పాత మామిడి, ఇప్ప చెట్లను నిలుపుకోవడం, అడవి నేలపై ఆకుచెత్తకు నిప్పు పెట్టకపోవడం. శిలీంధ్రం కంటికి కనిపించదు. అది నివసించే బెరడును, నేలను కాపాడితేనే మన పిల్లలు కొమ్మమీద రాస్నాపూలను చూడగలుగుతారు.