ఒకే ఇంట్లో ఒకరికే ఆయాసం ఎందుకు?

"హకీం సాబ్, ముగ్గురు పిల్లలూ ఒకే ఇంట్లో, ఒకే తిండి తిని పెరిగారు. చిన్నోడికి మాత్రమే ఆయాసం ఎందుకు? నా పెంపకంలో ఏమైనా లోపమా?" మా దవాఖానాకు వచ్చిన ఒక తల్లి కన్నీళ్లతో అడిగిన ప్రశ్న ఇది.

లేదమ్మా, లోపం మీది కాదు. దీనికి జవాబు చిట్టెలుకల మీద జరిగిన పరిశోధనల్లో కొంత దొరుకుతుంది.

ప్రయోగశాలల్లో 'బాల్బ్-సి', 'బ్లాక్-6' అనే రెండు రకాల ఎలుకలున్నాయి. ఒక్కో రకంలోని ఎలుకలన్నీ జన్యువుల్లో కవలల్లాంటివి. రెండు రకాలకూ గుడ్డు తెల్లసొనలోని ఒకే ప్రొటీన్ ఎక్కిస్తే, బాల్బ్-సి ఎలుకల్లో ఐజీఈ అనే యాంటీబాడీ ఎక్కువగా పుడుతుంది. బ్లాక్-6లో సాధారణంగా తక్కువ. 1966లో ఇషిజాకా దంపతులు గుర్తించిన ఈ ఐజీఈయే చాలామందిలో అలర్జీ తుమ్ములకు, దద్దుర్లకు, పిల్లికూతలకు మూలం.

తేడా రక్షణ కణాలు పంపుకునే కబుర్లలో ఉంది. 'ఇంటర్‌ల్యూకిన్-4' అనే కబురు అందితే బి కణాలు ఐజీఈ తయారీకి మళ్లుతాయి. 1991లో శాస్త్రవేత్తలు ఆ జన్యువు పనిచేయకుండా చేసిన ఎలుకల్లో ఐజీఈ బాగా పడిపోయింది. మనుషుల్లో ఇలాంటి జన్యువులు చాలా ఉన్నాయి. ఒకే తల్లి బిడ్డలైనా వాటి కలయిక ఒక్కొక్కరిలో ఒక్కో తీరు.

యూనానీలో మనిషికీ మనిషికీ ఉండే తేడాను మిజాజ్ అంటాం. మిజాజ్, జన్యువు ఒకటేనని నేననను. కానీ అందరి శరీరం ఒకేలా స్పందించదన్న మాట రెండింటిలోనూ ఉంది.

అలాగని అంతా పుట్టుకతోనే రాసిపెట్టి ఉందని ఊరుకోకూడదు. బెంగళూరులో డాక్టర్ హెచ్. పరమేశ్ ఆసుపత్రికి వచ్చిన 20,000 మంది పిల్లలను పరిశీలించారు. ఉబ్బసం 1979లో 9 శాతం, 1999 నాటికి 29.5 శాతం. ఇరవై ఏళ్లలో జన్యువులు మారవు, నగరం మారింది. వాహనాల పొగ, ఇంట్లో సిగరెట్ పొగ వైపే ఆయన వేలు చూపారు.

కాబట్టి ఇంట్లో పొగతాగనివ్వకండి. పిల్లవాడున్న గదిలో ఊదు, లోబాన్ వేయకండి. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి వేడినీళ్లలో ఉతకండి. ఇంటి పక్కన వయ్యారిభామ మొక్కలుంటే పూత రాకముందే పీకించండి.

ఆ తల్లి ఇన్‌హేలర్ అలవాటవుతుందని భయపడి మాన్పించేశారు. డాక్టరుకు చూపించి వెంటనే మళ్లీ మొదలుపెట్టమని చెప్పాను. జోషాందా పడిశానికి కాస్త ఉపశమనమిస్తుంది గానీ, బిగుసుకున్న ఊపిరి గొట్టాలను తెరవడానికి దాన్ని నమ్ముకోకూడదు. పిల్లవాడు మాట్లాడలేకపోయినా, పెదవులు నీలిరంగుకు మారినా క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అమ్మా, మిమ్మల్ని మీరు నిందించుకోకండి. మందు మాత్రం ఆపకండి.